మిల్లులో కంచె ఉన్న షాఫ్టు చేలో బోడిగా తిరుగుతోంది

సోమశిల నీళ్ళు కాలువలకు వదిలారంటే పెన్నా డెల్టాలో ట్రాక్టరుకు పగలూ రాత్రీ తేడా ఉండదు. కోవూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల కయ్యల్లో అంతా ఒకేసారి దమ్ముకు దిగుతారు. నారు ముదిరిపోతుందని రైతుకు తొందర. ఎకరాకింత అని బాడుగ మాట్లాడుకున్న బండి యజమానికి అంతకంటే తొందర. ఈ రెండు తొందరల నడుమ నలిగేది స్టీరింగు పట్టిన డ్రైవరు, రోటావేటరుకు చుట్టుకున్న గడ్డి లాగే కూలీ.

చెయ్యి పోయినా, ప్రాణం పోయినా ఊళ్ళో వినపడే మాట ఒక్కటే: "వాడి అజాగ్రత్త." ఈ మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

ట్రాక్టరు ఇంజను నుంచి రోటావేటరుకు బలం అందించేది నడుమనున్న పి.టి.ఓ. షాఫ్టు. మామూలుగా ఇది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది. షాఫ్టు చుట్టుకొలత జానెడే అనుకున్నా, సెకనులో తొమ్మిది జానల గుడ్డను చుట్టేస్తుంది. నాలుగున్నర మూరలన్నమాట! భుజం మీది తుండుగుడ్డ మొత్తం పోయాక చెయ్యే. "అబ్బా" అనేలోపల అయిపోయే పని ఇది. ఇందులో మనిషి జాగ్రత్తకు చోటెక్కడుంది?

అందుకే షాఫ్టుకు ప్లాస్టిక్ తొడుగు, రెండు కొసల్లో మూతలు పెట్టి అమ్ముతారు. తొడుగు పగిలితే మళ్ళీ వేయించే నాథుడుండడు. గ్రీజు కొట్టడానికి అడ్డమని ఊడబెరికి షెడ్డులో పారేసేవాళ్ళూ ఉన్నారు. ఆ బోడి షాఫ్టు మీదుగా దాటి కూలీ ఇవతలికీ అవతలికీ పోవాలి.

ఇదే షాఫ్టు మిల్లులో తిరిగితే కథ వేరు. 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షను, తిరిగే ప్రమాదకర భాగాలకు గట్టి కంచె ఉండి తీరాలంది. తనిఖీకి ఇన్‌స్పెక్టరును పెట్టింది. ధాన్యం ఆడించే మిల్లులో కూలీకి ఉన్న ఆ రక్షణ, ధాన్యం పండించే కయ్యలో కూలీకి లేకపోయింది. పొలం ఫ్యాక్టరీ కాదట! నూర్పిడి యంత్రాల్లో చేతులు తెగిపోతుంటే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. పవర్ థ్రెషర్లను అందులో చేర్చి, మిగతా వ్యవసాయ యంత్రాలను కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్లతో చేర్చవచ్చని రాసింది.

యంత్రాలు ఇవ్వడంలో మాత్రం ప్రభుత్వాలు వెనకాడలేదు. 2022 జూన్ 7న గుంటూరులో ఒక్క రోజే రాష్ట్ర ప్రభుత్వం 3,800 ట్రాక్టర్లు పంచింది. మంచిదే. యంత్రం వద్దని మనం అనడం లేదు. ఎన్ని బండ్లు వచ్చాయో లెక్క ఉంది. ఎన్ని చేతులు పోయాయో లెక్క ఏ మండలాఫీసు గోడ మీదన్నా చూశారా?

బోల్తా సంగతీ అంతే. ఊబి కయ్యలో ఇనప చక్రాలు దిగబడితే చక్రానికి అడ్డంగా మొద్దు కట్టి రేజు చేస్తారు. చక్రం కదలదు, ఇంజను బలానికి ముందు భాగం పైకి లేస్తుంది. సెకనున్నరలోపే బండి వెనక్కి తిరగబడి డ్రైవరును బురదలోకి తొక్కేస్తుంది. 1959లో స్వీడన్, కొత్త ట్రాక్టర్లకు డ్రైవరు నెత్తిన బలమైన ఇనప చట్రం ఉండాలని నిబంధన పెట్టింది. ఆ తర్వాత అక్కడ బోల్తాపడి చచ్చేవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఆ దేశపు డ్రైవర్లందరికీ ఒక్కసారిగా జాగ్రత్త వచ్చిందా? లేదు. చట్రం వచ్చింది.

ఇక నష్టపరిహారం. 1923 నాటి పరిహార చట్టం ట్రాక్టరు సేద్యంలో పనిచేసే కూలీని కూడా తన పరిధిలోకి తెచ్చింది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టేనని లెక్క కట్టింది. ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. 2025 నవంబరు 21 నుంచి కోడ్ అమల్లో ఉంది. యజమాని పరిహారమివ్వాలన్న సూత్రం అందులోనూ ఉంది.

కానీ ఒక మెలిక కనిపెట్టండి. కార్మికుడు కావాలని రక్షణ తొడుగు తీసేసినా, తాగి ఉన్నా, చనిపోవడమో పూర్తిగా పనికిరాకుండా పోవడమో జరిగితే తప్ప, యజమాని పరిహారం ఎగ్గొట్టవచ్చు. "తొడుగు వాడే పీకేశాడు" అన్న ఒక్క మాటతో వేలు పోయినవాడి కేసు గాలికి పోతుంది. బండి యజమాని పొలం ఆసామి మీదికి, ఆసామి బండి యజమాని మీదికి నెట్టుకోవడం మామూలే. మడ్‌గార్డు మీద కూర్చున్న మనిషికి బీమా వర్తించదని కంపెనీలు వాదిస్తాయి.

కాబట్టి చేయవలసిందేమిటి?

దమ్ము మొదలుకాకముందే బండి చుట్టూ తిరిగి చూడండి. తొడుగు లేకపోతే నలుగురి ముందర యజమానితో చెప్పండి. చదువొచ్చిన పిల్లలచేత కాగితం మీద తేదీతో రాయించండి, ఫోనులో ఫోటో తీయించండి. రేపు సాక్ష్యం అదే.

గడ్డిగానీ తీగగానీ చుట్టుకుంటే పి.టి.ఓ. ఆపాలి, ఇంజను ఆపాలి, రోటావేటరు నేలకు దించాలి. బ్లేళ్ళు పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టాలి. తాళంచెవి మాత్రం చెయ్యి పెట్టేవాడి జేబులోనే ఉండాలి, డ్రైవరు దగ్గర కాదు.

లోతు దిగడం లేదని రోటావేటరు మీద మనిషిని నిలబెట్టవద్దు. మడ్‌గార్డు మీద పిల్లల్ని ఎక్కించవద్దు. లుంగీ, తుండుగుడ్డ వేలాడకూడదు. దిగబడిన బండికి మొద్దు కట్టవద్దు, ఇంకో బండితో కింది కొక్కెం పట్టించి లాగించండి.

గడ్డీ, చిల్లకంపా నరికే రోటరీ కట్టరైతే రాయినీ సీసాపెంకునూ తూటాలా విసురుతుంది. వంద గజాల దాకా మనిషి ఉండరాదు. పక్క కయ్యలో నాట్లు వేసే ఆడవాళ్ళుంటే ఆపవలసిందే.

ప్రమాదం జరిగితే బండి యజమానికీ, ఆసామికీ ఇద్దరికీ ఆలస్యం లేకుండా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. ఆసుపత్రి చీటీలో "ట్రాక్టరు పనిలో తగిలిన దెబ్బ" అని రాయించుకోండి. "మందుల ఖర్చు పెట్టుకుంటాం, గొడవెందుకు" అనే మాటకు వేలిముద్ర వేయవద్దు.

బండి యజమానులంతా పెద్ద ఆసాములు కారు. ఫైనాన్సు కిస్తీలు కట్టలేక చస్తున్నవాళ్ళూ ఉన్నారు. అయినా బండి ఖరీదులో తొడుగు ఖరీదు ఏపాటిది? ఒక్కడు అడిగితే "రేపట్నించి నువ్వు రావద్దు" అంటారు. అదే ఊళ్ళోని డ్రైవర్లూ, కూలీలూ కలిసి "తొడుగు లేని బండి కయ్యలో దిగదు" అంటే, నారు ముదిరే రోజుల్లో కాదనగలిగే యజమాని ఎవరు? తొందర వాళ్ళది. ఆ తొందరే మన బలం.