తిట్లు తర్వాత, ముందు 1930

ఆన్‌లైన్‌లో ఏదో కొనబోయి డబ్బు పోగొట్టుకున్నానని ఇంట్లో ఆడది చెబితే మొదట వినపడే మాట, "నీకెందుకే ఆ ఫోను?" రెండో మాట, "ఆడవాళ్ళకి ఆశెక్కువ." ఈ రెండు మాటల మీదా నాకు చెప్పలేనంత కోపం ఉందండీ. దొంగకి మనం చేసిపెడుతున్న అతి పెద్ద సాయం ఈ మాటలే.

ముందు ఆశ సంగతి చూద్దాం. మా ముక్తేశ్వరంలో ఉండి నాలుగు రకాల చీరలు చూసి కొనాలంటే అమలాపురం బస్సెక్కాలి. లేదా గోదావరి దాటి, కోటిపల్లి మీదుగా కాకినాడ పోవాలి. ఇంట్లో మంచం దిగలేని అత్తగారు, బడి నుంచి వచ్చే పిల్లలు ఉన్నవాళ్ళకి అది జరిగే పనేనా? భర్త కువైట్లోనో దుబాయ్‌లోనో ఉంటే, పంపిన డబ్బుతో ఇల్లు నడిపేది ఆవిడే. ఆవిడకి ఫోనే బజారు. అది సోకు కాదు, అవసరం.

ఇక ఫోను తెరవగానే "ఇంకా రెండే ఉన్నాయి", "పది నిమిషాల్లో ఆఫర్ అయిపోతుంది" అని తొందరపెట్టేది ఎవరు? మనం అడగని వస్తువుని బుట్టలో కలిపేది ఎవరు? ఇలాంటి 13 రకాల మాయలకి పేర్లు పెట్టి, చెయ్యకూడదని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. చదువుకున్నవాళ్ళు కూర్చుని పన్నిన వలలో పడితే, తప్పు చేపదా?

ఇంకోటి. కొబ్బరి అరువిచ్చి డబ్బు రాబట్టుకోలేని మగాడిని "పాపం, వ్యాపారంలో దెబ్బతిన్నాడు" అంటారు. వెయ్యి రూపాయలు పోగొట్టుకున్న ఆడదాన్ని మాత్రం "బుర్ర లేదు" అంటారు. ఈ న్యాయం ఏ శాస్త్రంలో ఉందో నాకైతే తెలీదు.

మా ఎరికలో ఒకావిడ చీరకి డబ్బు కట్టింది, చీర రాలేదు. డబ్బు వెనక్కి తెచ్చుకుందామని నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికింది. దొరికింది దొంగ నంబరు. వాడు క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండమ్మా, డబ్బు పడుతుంది" అన్నాడు. పదకొండు వేలు పోయాయి. ఆవిడ మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. "డబ్బు పోయినందుక్కాదు వదినా, మాట పడాల్సొస్తుందని భయం" అంది.

ఆ మూడు వారాలే దొంగకి కావలసింది. 1930కి ఫోన్ చేస్తే మన లావాదేవీ వివరాలు రాసుకుని, డబ్బు ఏ బ్యాంకుకి చేరిందో ఆ బ్యాంకుకి కబురు పంపుతారు. డబ్బు ఇంకా అక్కడే ఉంటే ఆపుతారు. ముందుకి పోయి ఉంటే ఆ తర్వాతి బ్యాంకుకి కబురు వెళుతుంది. దొంగ గంటల్లోనే డబ్బు నాలుగు ఖాతాలు మార్చేస్తాడు. అందుకే ప్రతి నిమిషమూ విలువైనదే. తప్పకుండా తిరిగొస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. కానీ దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగితే ఏం లాభం? మన ఇళ్ళల్లో ఆ అరుపు ఆలస్యం చేయించేది తిట్ల భయమే.

అలాగని జాగ్రత్త అక్కర్లేదని నేననను. పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, పుచ్చుకోవడానికి కాదు. ఈ ఒక్క ముక్క ఇంట్లో అందరికీ బట్టీ పట్టించండి. కస్టమర్ కేర్ నంబరు కొన్న యాప్‌లోంచే తీసుకోండి. అమ్మేవాళ్ళ చిరునామా కనపడని చోట డబ్బు ముందు కట్టకండి. ఓటీపీ అడిగేవాడు, ఫోనులో ఏదో యాప్ వేసుకోమనేవాడు ఎంత మర్యాదగా మాట్లాడినా పెట్టెయ్యండి. ఆరొందలకి "ఉప్పాడ జాందానీ పట్టు" అంటే నవ్వుకుని ముందుకెళ్ళండి. మగ్గం మీద రోజుల తరబడి నేసే చీర ఆ ధరకి ఎలా వస్తుంది?

దొంగతనం వేరు, నాసిరకం వస్తువు వేరు. చూపించింది ఒకటీ పంపింది ఒకటీ అయితే వెనక్కి తీసుకోమనడం మన హక్కు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడా తేలకపోతే, 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా పరిధిలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వెయ్యొచ్చు. కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. వెయ్యి రూపాయల చీరకి కేసేంటని నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. ఆ నవ్వు చూసుకునే వాళ్ళు నాసి సరుకు పంపుతున్నారు.

ఇంట్లో మగవాళ్ళకీ, అత్తమామలకీ నేను చెప్పేది ఒక్కటే. మీ కోడలో, భార్యో, కూతురో "డబ్బు పోయింది" అని మీ దగ్గరికొస్తే, నోటికొచ్చిన మాట మింగేసి ముందు 1930 నొక్కండి. తర్వాత బ్యాంకుకి చెప్పండి. తిట్టాలని అంతగా ఉంటే, ఆ రెండు ఫోన్లూ అయ్యాక, దొంగని తిట్టండి.