భయము కట్టిన గోడలు

దక్షిణ ఫ్రాన్సులో తార్న్ నది యొడ్డున ఆల్బీ పట్టణము కలదు. అచ్చటి బిషప్పులు పూర్వము నివసించిన భవనమునకు బెర్బీ ప్రాసాదమని పేరు. పేరునకు ప్రాసాదమే గాని, చూచువారికది దుర్గము. 13వ శతాబ్దిలో ఎఱ్ఱని యిటుకలతో కట్టిన దళసరి గోడలు, ఎత్తైన బురుజులు దానికి రూపము.

మతగురువునకు దుర్గమేల? కాథారులను క్రైస్తవ శాఖను అణచుటకై 1209 మొదలు 1229 వరకు దండయాత్రలు జరిగిన సీమ యది. 1276లో బిషప్పైన బెర్నార్ ద కాస్తనే పట్టణమునకు ప్రభువు కూడ. మతవిచారణ పేర పౌరులను చెరలో నుంచెను. ఆ పౌరులకే జంకి తన నివాసమును కోటగా బలపరచెను. 1282లో ప్రక్కనే ఆరంభమైన సెయింట్ సిసిలియా దేవాలయము సైతము కోటవలెనే యుండును.

తరువాతి బిషప్పులు ఆ గోడల నడుమ ఉద్యానములు పెంచిరి. 1905లో ఫ్రాన్సు రాజ్యమును, మతమును వేరుచేసెను. 1922లో ప్రాసాదము చిత్రశాల యయ్యెను. అందున్నవి ఆల్బీలోనే 1864లో పుట్టిన తులూజ్ లోత్రెక్ చిత్రములు. పారిస్ నర్తకులను, వెలయాండ్రను ఆతడు సాటి మనుష్యులుగా చిత్రించెను. కాస్తనే యెవరిని తన గడప తొక్కనిచ్చియుండడో, వారే నేడచ్చట కొలువుతీరియున్నారు.

2010లో యునెస్కో ఆ బిషప్పుల పట్టణమును ప్రపంచ వారసత్వముగ గుర్తించెను. చరిత్ర బోధించు ఉపాధ్యాయులును, చదువు విద్యార్థులును ఒక్క విషయము గమనింపవలెను. క్రౌర్యమునకు సాక్షియని కట్టడమును నేలమట్టము చేసినచో సాక్ష్యమే నశించును. ఆల్బీవారు గోడలను నిలిపి, తలుపులను తెరచిరి.