చిట్టి పాదాలకు తొలి అల్లిక

ద్రాక్షారామంలో ధనుర్మాసపు చలి మొదలైంది. పసిపిల్లలున్న ఇళ్లను తలచుకుని ఈ అల్లికల సంచిక సిద్ధం చేశాం. అల్లిక మన గోదావరి జిల్లాలకు కొత్త కాదు. నరసాపురం లేసు 19వ శతాబ్దం నాటిది, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ ఆ లేసు అల్లే ఆడవాళ్లను ఇల్లాళ్లుగానే చూసి, వాళ్ల కష్టాన్ని తీరిక పనిగా లెక్కగట్టారని సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లోనే పుస్తకం రాశారు. అందుకే అల్లికను కాలక్షేపం అనడానికి మాకు మనసొప్పదు.

కొత్తగా నేర్చేవారికి పాప మేజోళ్లే మేలు. చదరంగా ఒక ముక్క అల్లి, మడిచి, అడుగునా మడమ దగ్గరా కుట్టేస్తే చాలు. మన ప్రాంతానికి ఊలుకన్నా మెత్తటి నూలుదారం హాయి. పూసలు వద్దు, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. లోపల దారప్పోగులు అసలే వదలకండి, వేళ్లకు చుట్టుకుంటాయి. మీ తొలి జత ఫొటో మాకు పంపండి, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయినా సరే.