టీబీ తగ్గాక మొదలయ్యే జబ్బు

నాలుగు రోజులు ముసురు పట్టిందంటే నిర్మల్ జిల్లాలో బూజు పట్టని ఇల్లు అరుదు. బీరువా వెనక గోడకు నల్లమచ్చలు లేస్తాయి. అక్టోబరు వానకు కల్లంలో తడిసిన మక్క కంకుల మీద ఆకుపచ్చ పొడి కనిపిస్తుంది. ముక్కిన వరిగడ్డిని కదిపితే పొగలా దుమ్ము లేస్తుంది. వీటిని పట్టించుకోకుండా బతికిన జనం 2021లో మాత్రం బూజు పేరెత్తితే వణికారు. ఆ ఏడాది మే 20న రాష్ట్ర ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను అంటువ్యాధుల చట్టం కిందికి తెచ్చి, ప్రతి కేసునూ విధిగా తెలియజేయాలని ఆసుపత్రులను ఆదేశించింది. రోగులు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి బారులు తీరారు. దేశం మొత్తం మీద 45 వేలకు పైగా కేసులు, 4,300 మందికి పైగా మరణాలని కేంద్రం ఆ జులైలో పార్లమెంటుకు చెప్పింది. ఆ గాభరాలో ఉల్లిగడ్డ మీది నల్లపొరను, ఫ్రిజ్ తలుపు రబ్బరును కూడా అనుమానించాం. నిజానికి ఆ రోగుల్లో ఎక్కువమందిని పడగొట్టింది అదుపు తప్పిన షుగరు, లెక్క లేకుండా వాడిన స్టెరాయిడ్లు. బూజు ఎప్పుడూ ఉన్నదే. ఆ ఏడాది మారింది దాన్ని పీల్చిన ఒళ్లు. ఊపిరితిత్తుల ఫంగస్ జబ్బుల్లో చాలావాటికి ఇదే లెక్క వర్తిస్తుంది. ఆ లెక్కన మన జిల్లాల్లో ముందుగా చూడాల్సింది టీబీ మందులు పూర్తిచేసి, కార్డు మూసేసి, ఇంటికి పోయినవాళ్లను.

జబ్బు పుట్టే తీరు చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. ఊపిరితిత్తులకు ఎక్కువగా ఎక్కే బూజు ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్. దాని బీజం రెండు మూడు మైక్రాన్లు ఉంటుంది, అంటే వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ముక్కులో చిక్కదు, గొంతులో ఆగదు, నేరుగా గాలి తిత్తుల దాకా పోతుంది. పెంటకుప్ప లోపల 50 డిగ్రీల వేడిలో పెరిగేదానికి మన ఒంట్లోని 37 డిగ్రీలు చల్లటి నీడే. అలాంటి బీజాలను మనలో ప్రతి ఒక్కరం రోజూ వందల సంఖ్యలో పీలుస్తాం. అయినా ఏమీ కాదు, ఎందుకంటే అక్కడ కాపలా ఉండే తెల్లకణాలు వాటిని మొలకెత్తకముందే మింగేస్తాయి. ఆ కాపలా కూలినప్పుడు, అంటే రక్త క్యాన్సరుకు కీమో నడుస్తున్నప్పుడో, కిడ్నీ మార్పిడి తర్వాతో, బూజు దారాలు ఊపిరితిత్తుల కణజాలంలోకీ రక్తనాళాల్లోకీ చొచ్చుకుపోతాయి. ఆస్తమా ఉన్న కొందరిలో కాపలా మరీ ఎక్కువై, ఫంగస్ కన్నా దానిమీద ఒళ్లు చేసే గొడవే దమ్మును పెంచుతుంది. మూడో దారి మనది. టీబీ మానినా అది తొలిచిన పొక్క చాలామందిలో మానదు. దాని గోడకు రక్తం సరిగా అందదు కనుక మందూ, తెల్లకణమూ లోపలికి అంతగా చేరవు. గాలి మాత్రం వస్తూపోతూ ఉంటుంది. ఖాళీ ఇంట్లోకి చేరినట్టు బీజం అక్కడ దిగి, దారాలు అల్లుకుని, కొన్నాళ్లకు ఉండలా ముద్దకడుతుంది. ఎక్స్‌రేలో తెల్లటి గుండు, దానిపైన నెలవంకలా నల్లటి గాలి పొర కనిపిస్తాయి. రోగిని పక్కకు తిప్పి మళ్లీ ఫిల్ము తీస్తే ఒక్కోసారి ఆ గుండు డబ్బాలో గోలీలా జరిగి ఉంటుంది.

ఇది అరుదైన వింత అనుకునేవారికి పాత లెక్క ఒకటుంది. టీబీ చికిత్స తర్వాత రెండున్నర సెంటీమీటర్లు, ఆపైన పొక్క మిగిలిన 544 మందిని బ్రిటన్ డాక్టర్లు 1960లలో వెతికి చూశారు. నాలుగోవంతు మంది రక్తంలో ఆస్పర్‌జిల్లస్‌కు ప్రతిదేహాలు దొరికాయి. కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూస్తే అది మూడోవంతుకు చేరింది. దేశంలో 2011 నాటికి ఊపిరితిత్తుల్లో ఆస్పర్‌జిల్లస్ తిష్ఠవేసే ఈ దీర్ఘకాలిక జబ్బుతో సుమారు 2.9 లక్షల మంది ఉండి ఉంటారని చండీగఢ్ పీజీఐ వైద్యులు అంచనా కట్టారు. అది తలలు లెక్కపెట్టిన సంఖ్య కాదు, అంచనాయే. అందులో హెచ్చుతగ్గులకు చోటుంది. కానీ ప్రపంచ టీబీ కేసుల్లో పాతిక శాతానికి పైగా ఉన్న దేశంలో ఈ అంచనా సగానికి తగ్గినా చిన్నది కాదు. తునికాకు దుమ్ములో, పొగాకు ఘాటులో ఇంటిల్లిపాదీ బీడీలు చుట్టే ఊళ్లున్న మన జిల్లాల్లో అసలే దెబ్బతిన్న ఊపిరితిత్తులకు కొదవ లేదు.

మరి ఈ రోగులు ఎక్కడున్నారు? చాలామంది టీబీ లెక్కల్లోనే దాగి ఉన్నారని నా అనుమానం. మూడు నెలలకు పైగా తగ్గని దగ్గు, తరుగుతున్న బరువు, గళ్లలో నెత్తురు చార — ఈ మూడూ చూస్తే ఆశా కార్యకర్త నుంచి ఆర్ఎంపీ దాకా ఎవరైనా టీబీ తిరగబెట్టిందనే అంటారు. తప్పు వాళ్లది కాదు, లక్షణాలు అంతగా కలిసిపోతాయి. గళ్ల పరీక్షలో క్రిమి కనిపించకపోయినా ఎక్స్‌రేలో నీడ చూసి మళ్లీ ఆర్నెల్ల కోర్సు మొదలుపెట్టడం కద్దు. ఇక్కడే ఇంకో చిక్కుంది. టీబీ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్, ఫంగస్ మందైన ఇట్రాకొనజోల్‌ను కాలేయంలో ఎంత వేగంగా విరగ్గొట్టేస్తుందంటే, రెండూ కలిపి ఇస్తే రెండోది రక్తంలో పనికొచ్చే మోతాదులో మిగలదు. ఎందుకైనా మంచిదని రెండూ ఇద్దామనుకోవడం దయగా కనిపిస్తుంది గానీ, రోగికి ఒరిగేది లేదు.

అసలు బూజునే పోగొట్టవచ్చు కదా అని అడగవచ్చు. వరద నీళ్లు చేరిన ఇల్లు ఆరబెట్టుకోవాలి, ఆస్తమా ఉన్న పిల్లలున్న ఇంట్లో గోడలు తుడవాలి, గడ్డివాము కదిపేవాళ్లు మూతికి గుడ్డ కట్టుకోవాలి, ఇవన్నీ చేయదగ్గవే. కానీ పెంటకుప్పలూ, వరి కల్లాలూ, పసుపు చేన్లూ ఉన్న ఊళ్లో గాలిని బీజాల నుంచి కడగడం అయ్యే పని కాదు. మందు చల్లి చంపుదామంటే అది ఇంకా ప్రమాదం. చేన్లలో తెగుళ్లకు కొట్టే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్‌ వంటివి ఇట్రాకొనజోల్‌కు దాయాదులు. వాటికి అలవాటుపడిన ఫంగస్ మనిషి మందుకూ లొంగదు. అలాంటి రకాలు మన దేశపు మట్టిలోనే ఉన్నాయని 2012లోనే బయటపడింది.

ఇక ఖర్చు మాట. టీబీకే సరిగ్గా దిక్కులేని చోట కొత్త జబ్బు పరీక్షలా అన్న అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు. అయితే ఇందుకు కొత్త పథకం అక్కర్లేదు. చికిత్స పూర్తయినవాళ్లను ఆర్నెల్లకోసారి చొప్పున రెండేళ్లు చూడాలని జాతీయ టీబీ కార్యక్రమం నిబంధనల్లోనే ఉంది. ఆ భేటీలో టీబీ తిరిగొచ్చిందా అన్న ఒక్క ప్రశ్నే అడుగుతున్నాం. దగ్గు ఉండి, క్రిమి పరీక్ష నెగెటివ్ వచ్చినవాళ్లకు ఒక ఎక్స్‌రే, అందులో పొక్క ఉంటే ఆస్పర్‌జిల్లస్ రక్తపరీక్ష. అందరికీ కాదు, ఆ కొద్దిమందికే. 2023లో నిర్మల్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉంది. నమూనా సేకరించి పైకి పంపడం వాటికి బరువేమీ కాదు. చికిత్సకు మన దేశపు సాక్ష్యమే ఉంది. ఇట్రాకొనజోల్ ఆర్నెల్లు వాడితే చాలా మందికి గుణం కనిపించింది, కానీ రెండేళ్లలో 38 శాతం మందికి తిరగబెట్టింది. ఏడాది పొడవునా వాడినవాళ్లలో తిరగబెట్టింది 10 శాతానికే. 2022లో వెలువడిన ఈ ఫలితం కూడా పీజీఐదే. మాత్రలు కాలేయాన్ని ఇబ్బందిపెట్టవచ్చు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు పనికిరావు, ఏడాది ఖర్చు బీడీ కార్మికురాలికి భారమే. ప్రభుత్వం ఉచితంగా ఇవ్వాల్సింది అందుకే.

చూడకుండా వదిలేస్తే అయ్యే ఖర్చును కూడా ఇదే పద్దులో రాయాలి. పొక్క గోడలో ఉబ్బిన రక్తనాళం ఏదో ఒక రాత్రి తెగవచ్చు. దాన్ని క్యాథెటర్‌తో లోపలి నుంచి మూసే నిపుణులు, అవసరమైతే ఛాతీ కోసి ఆ ముక్క తీసే సర్జన్లు పెద్ద నగరంలోనే దొరుకుతారు. నిర్మల్ నుంచి హైదరాబాద్‌కు 44వ నంబరు జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్ల పైచిలుకు. దగ్గినప్పుడల్లా గిన్నెడు నెత్తురు పడుతున్న మనిషిని అంబులెన్సులో కూర్చోబెట్టి అంతదూరం తీసుకుపోవాలి.