ఆషాఢం గోరింటాకు: చెట్టుదా? కొట్టుదా?

అమ్మాయిలూ, ఆషాఢం వచ్చిందంటే గోరింట చెట్టున్న ఇంటివాళ్ళకి పొద్దున్నే గుమ్మం దగ్గర పిలుపులే. "పిన్నిగారూ, గుప్పెడాకు కోసుకుంటామండీ" అంటూ వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు. జూన్, జూలై నెలల్లో నాలుగు చినుకులు పడేసరికి గోరింట లేత చిగురు వేస్తుంది. కొత్తగా పెళ్ళయిన పిల్ల పుట్టింట్లో ఉంటుంది. రుబ్బడానికి అమ్మ ఉంది, పెట్టడానికి అక్క ఉంది, పండాక చూపించుకోవడానికి వీధంతా ఉంది. ఇంతకన్నా చవకైన అలంకారం నాకు తెలీదు. అయితే ఈ మధ్య కొన్నేళ్ళుగా ఇదే రోజుల్లో చేతులు బొబ్బలెక్కి నా దగ్గరికి వచ్చే ఆడపిల్లలు కూడా కనిపిస్తున్నారు. అంచేత ఈ వారం గోరింటాకు సంగతి కాస్త వివరంగానే చెప్పుకుందాం. సున్నిపిండి, మునగాకు కూర ఆ తరవాత.

ముందు చెట్టు ఆకు. కొమ్మ చివర ఆకులు దూసి, పుల్లలు, ముళ్ళు ఏరేసి, కడిగి నీరు వాడ్చండి. రెండు గుప్పిళ్ళ ఆకుకి చిన్న ఉసిరికాయంత చింతపండు, నలగ్గొట్టిన వక్క ఒకటి వేసి మెత్తగా రుబ్బండి. రోలు లేకపోతే మిక్సీ అయినా ఫరవాలేదు. నీళ్ళు మాత్రం గుమ్మరించకండి, ముద్ద జారిపోతుంది. పుల్లమజ్జిగ రెండు చెంచాలు చాలు. రుబ్బినవాళ్ళ చెయ్యి ఎలాగూ ముందే పండిపోతుంది, అది వాళ్ళ అదృష్టం.

అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకి టోపీలు. మన పాతకాలపు పద్ధతి ఇదే, దీనికి నేర్పు అక్కర్లేదు. సన్నటి తీగలు, లతలు కావాలనుకునేవాళ్ళు ఆకు నీడలో ఆరబెట్టి, పొడిచేసి, పలచటి పాతగుడ్డలో రెండుసార్లు జల్లించుకోవాలి. ఆ పొడిలో నిమ్మరసం, చెంచాడు పంచదార కలిపి మూతపెట్టి ఆరేడు గంటలు నాననివ్వండి. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన పాలప్యాకెట్ కవరు చతురంగా కత్తిరించి, పొట్లంలా చుట్టి, టేపు అంటించి, కొస సూదితో పొడిస్తే కోను తయారు. ఒకసారి చేస్తే చెయ్యి తిరుగుతుంది.

పండడం ఎలా జరుగుతుందో తెలిస్తే మోసపోవడం తగ్గుతుంది. ఆకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంది. పులుపు తగిలితే అది ఆకులోంచి బాగా బయటికొస్తుంది, మన పెద్దవాళ్ళ చింతపండుకి అర్థం అదే. అలా వచ్చిన రంగు చర్మం పైపొరలోనూ గోళ్ళలోనూ ఉండే కెరటిన్ అనే మాంసకృత్తిని పట్టుకుంటుంది. అరచేతులు, అరికాళ్ళలో ఆ పొర మందం, అందుకే అక్కడ బాగా పండుతుంది. తీసిన వెంటనే నారింజ రంగులో ఉంటుంది. ఒకటి రెండు రోజులు గడిస్తేగాని ముదురెరుపు రాదు. ఎంత ఎర్రగా పండితే అంత మంచి మొగుడొస్తాడంటారు కదూ! నిజానికి ఎంతసేపు ఉంచుకున్నారు, తీశాక ఎంత త్వరగా సబ్బునీళ్ళలో చెయ్యి పెట్టారు అన్నదాని మీదే అది ఆధారపడుతుంది. రాత్రి పెట్టుకుని పొద్దున రాల్చేసి, కొబ్బరినూనె రాసుకుని, ఆ పూటకి గిన్నెలు తోమే పని ఇంకొకరికి అప్పగించండి. చర్మం మీది రంగు రెండు మూడు వారాల్లో పోతుంది. గోరు నెలకి మూడు మిల్లీమీటర్లే పెరుగుతుంది గనక గోటి మీది ఎరుపు నెలల తరబడి నిలుస్తుంది.

ఒంట్లో వేడి లాగేస్తుందా అని ఉత్తరాల్లో అడుగుతుంటారు. తడి ముద్ద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, హాయిగా ఉంటుంది. జ్వరానికి మాత్రం మందు కాదు.

ఇక కొట్టు సరుకు. కొన్నేళ్ళ కిందట ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. శ్రావణంలో పెళ్ళి, ఇంకా తొమ్మిది రోజులుంది. రెండు చేతులూ మణికట్టు దాకా వాచి, గీసిన లతలు గీసినట్టే బొబ్బలై లేచాయి. "గోరింటాకే కదా డాక్టరమ్మా, ఆకేం చేస్తుంది?" అంది తల్లి. ఆకు కాదమ్మా, అది పది నిమిషాల్లో నల్లగా పండుతుందని చెప్పి అమ్మిన కోను. అంతకు ముందు రెండు పండగలకి పెట్టుకుందట, ఏమీ కాలేదట. ఎలర్జీ తీరే అంత. మొదటిసారి ఒంటికి పరిచయం చేస్తుంది, తరవాతెప్పుడో తిరగబడుతుంది. పెళ్ళినాటికి బొబ్బలు తగ్గాయి గాని లతల మచ్చలు ఫోటోల్లో పడ్డాయి. ఆ మచ్చలు పోవడానికి నెలలు పట్టింది.

ఆ నలుపు ఇచ్చేది ఆకు కాదు, పారాఫినైలిన్ డయమిన్ అనే రసాయనం. తలకి వేసుకునే నల్లరంగుల్లో వాడేది ఇదే. జుట్టుకి వాడే దాన్ని కొలత లేకుండా చర్మం మీద పట్టిస్తే ఏమవుతుందో ఆ పిల్ల చేతులు చెప్పాయి. ఒకసారి ఇది పడలేదంటే జన్మంతా పడదు. ఆ అమ్మాయి నలభై ఏళ్ళొచ్చాక తలకి రంగు వేసుకోవాలన్నా ముఖం వాచిపోయే ప్రమాదం ఉంది. చర్మం మొద్దుబార్చడానికి రాసే కొన్ని మత్తుమందులు కూడా పడకపోవచ్చు. కాబట్టి అలాంటి వాళ్ళు ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ఈ మాట ముందుగా చెప్పాలి.

గుర్తు పట్టడం కష్టం కాదు. గోరింటాకు ఆకుపచ్చగానో, మట్టిరంగులోనో ఉంటుంది, ఆకు వాసన వేస్తుంది. ముద్దే బొగ్గులా నల్లగా ఉన్నా, కిరసనాయిల్ వాసన కొట్టినా, పావుగంటలో పండుతుందని చెప్పినా కొనకండి. కోను మీద అందులో ఏమేం కలిపారో రాసి లేకపోతే అసలే వద్దు. కొందరు రంగు కోసం ఇంట్లోనే ముద్దలో కిరసనాయిల్ చుక్కలు వేస్తారు. అది చర్మాన్ని మండిస్తుంది, మానుకోండి. పెట్టుకున్నాక దురద, మంట మొదలైతే "ఇంకాసేపు ఉంచితే పండుతుంది" అని ఓర్చుకోవద్దు. వెంటనే తీసేసి మంచినీళ్ళతో బాగా కడగండి. బొబ్బలు చిదమకండి, పళ్ళపేస్టు, పసుపు పులమకండి, డాక్టరుకి చూపించండి. ముఖం, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

చెట్టుదే అయినా పెట్టకూడనివాళ్ళు కొందరున్నారు. వాళ్ళే పసిపిల్లలు. ముద్దుగా ఉంటుందని అరికాళ్ళకి, అరచేతులకి పూస్తారు. కొందరు పిల్లలకి, ముఖ్యంగా మగపిల్లలకి, జి6పిడి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. పైకి ఏమీ తెలియదు. అలాంటి బిడ్డకి గోరింటాకు రంగు లేత చర్మంలోంచి రక్తంలోకి చేరితే ఎర్రకణాలు చిట్లిపోతాయి. బిడ్డ పాలిపోతాడు, కళ్ళు పచ్చబడతాయి, మూత్రం టీ డికాక్షన్‌లా వస్తుంది, పాలు తాగడు. ఇవి కనిపిస్తే దిష్టి తీస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తండి, గోరింటాకు పెట్టిన సంగతి అక్కడ చెప్పండి. ఈ పిల్లలకి బీరువాలో వేసే కలరా ఉండలూ ఇంతే ప్రమాదం. వానాకాలమని బీరువాలోంచి తీసిన పాత ఊలు స్వెట్టరు ఉతక్కుండా, ఎండలో వేయకుండా బిడ్డకి తొడగవద్దు. ఇంట్లో ఎవరికైనా ఈ లోపం ఉందని తెలిస్తే గోరింటాకు పేరే ఎత్తకండి.

నెలలు నిండిన అమ్మాయిలకి ఒక చిన్న మాట. పెట్టుకోండి, నేను వద్దనను. కాని ప్రతి చేతికీ ఒకటి రెండు వేళ్ళు ఖాళీగా వదలండి. గోరు పాలిపోయిందా లేదా అని మేం చూస్తాం. వేలికి తగిలించి రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూసే పరికరం కూడా ముదురు రంగు వేలి మీద ఒక్కోసారి సరిగా చూపించదు.

సున్నిపిండి గురించి నాలుగు ముక్కలు. పెసలు అరకిలో, శనగపప్పు పావుకిలో, మెంతులు రెండు చెంచాలు, గంధకచ్చూరాలు కొన్ని, కస్తూరి పసుపు కొద్దిగా. వానలు గట్టిపడకముందే ఎండబెట్టి మరపట్టించి, పొడి డబ్బాలో దాచుకోండి. చాలామంది బావంచాలు కూడా వేస్తారు, సువాసన కోసం. బొల్లికి వైద్యులు వాడే గింజ అది. అది రాసుకుని ఎండలో నిలబడితే కొందరికి చర్మం కమిలి నల్లమచ్చలు పడతాయి. నేనయితే వెయ్యను. మొటిమలున్న ముఖం మీద ఏ పిండీ గట్టిగా రుద్దకండి.

ఆషాఢంలో మునగాకు తినాలని మన పెద్దవాళ్ళ నియమం. ఇదొకటి నాకు మహా ఇష్టం. నూరు గ్రాముల మునగాకులో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అదే బరువు ఆవుపాలలో ఉండేది 120 ప్రాంతం. ఎ విటమినుగా మారే పదార్థం, ఇనుము కూడా ఉన్నాయి. చేతికి ఎరుపు ఎక్కించుకునే అమ్మాయిల్లో చాలామందికి కంటిరెప్ప కింద ఎరుపు లేదు, అందుకే ఈ కూర ఇక్కడ చెబుతున్నాను.

తెలగపిండి అంటే గానుగలో నువ్వులనూనె తీశాక మిగిలిన పిండి. వంటకి అమ్మేదే తెచ్చుకోండి, పశువుల దాణాకి అమ్మేది వద్దు. వాసన చూడండి. ముక్కవాసన వేసినా, ఎక్కడైనా బూజు కనిపించినా మొత్తం పారేయండి. బూజు పట్టిన చోటు తీసేసి మిగతాది వండటం తప్పు, ఆ విషం వేయించినా చావదు. గ్లాసు తెలగపిండికి గ్లాసున్నర నీళ్ళు మరగబెట్టి, ఉప్పు, పసుపు, రెండు గ్లాసుల దూసిన మునగాకు వేయండి. ఆకు మెత్తబడ్డాక తెలగపిండి చల్లి, కలపకుండా మూతపెట్టి సన్నమంట మీద ఉంచండి. నీరు ఇగిరాక గరిటె కాడతో పొడిపొడిగా విడదీయండి. చితక్కొట్టిన వెల్లుల్లి పది రెబ్బలు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టండి. నూనెకి వెనకాడితే ఈ కూర గొంతు దిగదు. దించాక నిమ్మకాయ పిండండి, ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపు సాయపడుతుంది. భోజనం అయిన వెంటనే టీ తాగే అలవాటుంటే ఒక గంట వాయిదా వేయండి, టీ ఆ ఇనుముని పట్టనివ్వదు. గోరింటాకు పెట్టుకున్న రాత్రి చేత్తో ముద్ద ఎత్తలేరు గనక, అమ్మ చేత కలిపించుకుని తినండి.