మన బడిలో చాపకూడు

కార్తీక అమావాస్య వచ్చిందంటే పల్నాటి కారంపూడిలో వీరారాధన ఉత్సవాలు మొదలవుతాయి. ఐదు రోజుల పండుగ. మూడోనాడు, మందపోరు రోజున, చాపకూడు పెడతారు. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టించాడని చెప్పుకొనే భోజనం అది.

మన బిలాస్‌పూర్ బడిలోనూ ఏటా ఒకసారి చాపకూడు జరపాలని నా అభిప్రాయం. తలపాగాలు, అట్టకత్తులు లేకపోయినా ఫరవాలేదు. వంట మాత్రం ఆ కాలానిదే కావాలి: జొన్న సంకటి, చింతపండు పులుసు, మిరియాల చారు. మిరపకాయ, టమాటా పోర్చుగీసువారు వచ్చాకే మనకు తెలిశాయి. (గుంటూరు పిల్లలు ఒప్పుకోరని తెలుసు!) ఇక్కడి పిల్లలు బోరే బాసీ తెస్తే అదీ వడ్డిద్దాం. అది మన చద్దన్నమే కదా.

అసలు కష్టం వంటలో లేదు. బదిలీల మీద ఎన్ని ఊళ్ళు తిరిగినా, భోజనం గంట కొట్టగానే పిల్లలు జట్లుగా విడిపోయి డబ్బాలు తెరవడం చూశాను. ఒకచోట ఆరో తరగతి పాప, "వాళ్ళ డబ్బాలో చెయ్యి పెట్టొద్దని అమ్మ చెప్పింది మేడమ్" అంది. ఆ రోజు నేను ఏమీ మాట్లాడలేకపోయాను.

అందుకే ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో చీటీలు తీద్దాం. ఉపాధ్యాయులకూ చీటీలే. అమ్మానాన్నలనూ పిలుద్దాం, వాళ్ళకూ చీటీలే.