సలహాదారుని కూలి నెవరు చెల్లించుచున్నారు?

షేర్ల బేరము ఒకప్పుడు బొంబాయి, కలకత్తా నగరములలోని ధనికుల వ్యవహారము. నేడది పల్లెటూరి బడిపంతులుగారి చేతిఫోనులోనికి వచ్చినది. 2025 జనవరి నాటికే నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన మదుపుదారులు 11 కోట్ల మంది యైరి. 2024 అక్టోబరు నెలలో విదేశీ మదుపుదారులు 90 వేల కోట్ల రూపాయలకు పైబడిన షేర్లను మన విపణిలో అమ్ముకొనిరి. విపణి కుంగినది గాని కూలలేదు. ఆ నెలలోనే మన గృహస్థులు నెలనెలా కొంత కొంతగా చెల్లించు పద్ధతిని మ్యూచువల్ ఫండులకు 25 వేల కోట్లకు మించి సమకూర్చిరి. పరదేశపు ధనము తరలిపోవునపుడు స్వదేశపు చిన్న పొదుపులు బరువు మోయగలవని ఇందువలన తేలినది. ఇది సంతోషింపదగిన మార్పే.

కాని యీ సంతోషమునకు ప్రక్కనే యొక దుఃఖము కలదు. ఏ ద్వారమున పొదుపు లోపలికి వచ్చుచున్నదో, ఆ ద్వారముననే జూదము కూడ ప్రవేశించినది. ఫ్యూచర్సు, ఆప్షన్సు అను వాయిదా బేరములను గూర్చి సెబీవారు 2024 సెప్టెంబరులో ప్రకటించిన లెక్కలు చదివిన వారి గుండె చెదరకమానదు. 2021-22 మొదలు 2023-24 వరకు గల మూడేండ్లలో ఈ బేరములాడిన వ్యక్తులు కోటికి పైగా నుండగా, వారిలో నూటికి 93 మంది నష్టపోయిరి. మొత్తము నష్టము 1 లక్షా 80 వేల కోట్లకు మించినది. తలకు సుమారు 2 లక్షలు. 2023-24లో ఈ బేరమాడిన వ్యక్తులలో నూటికి 75 మంది తమ వార్షికాదాయము 5 లక్షలకు లోపేయని చెప్పుకొన్నవారు. మరుసటి సంవత్సరమున, అనగా 2024-25లో, నష్టపడినవారు నూటికి 91 మంది. నష్టము 1,05,603 కోట్లు. పోగొట్టుకొన్నచోటనే వెదకవలెనను సామెతను నమ్మి, నష్టపోయినవారే మరల మరల అచ్చటనే వెదకుచున్నారు.

ఆ సొమ్ము గాలిలో కలసిపోలేదు. 2023-24లో ఖర్చులు తీయకముందు వ్యక్తులు పోగొట్టుకొన్నది 61 వేల కోట్లు కాగా, సొంత పెట్టుబడితో బేరమాడు పెద్ద సంస్థలు 33 వేల కోట్లు, విదేశీ మదుపు సంస్థలు 28 వేల కోట్లు లాభించెను. ఆ లాభములో మిక్కిలి భాగము యంత్రములు తమంతట తాము లెక్కకట్టి చేసిన బేరములవలన వచ్చినదే. ఇట బడిపంతులుగారి బొటనవ్రేలు. అట కన్నుమూసి తెరచులోపల వేలకొలది బేరములు చేయగల యంత్రము. దీనిని పోటీ యనుట యెట్లు?

షేరు కొన్నవాడు ఒక కర్మాగారములోనో, బ్యాంకులోనో వాటాదారుడగుచున్నాడు. అది వృద్ధి పొందినచో వాని సొమ్మును వృద్ధి పొందును; ఒకని లాభము మరియొకని నష్టము కానక్కరలేదు. ఆప్షను కొన్నవాడు అట్లు కాదు. ఫలాని తేదీలోపల సూచీ ఫలాని అంకెను దాటునని కొంత సొమ్ము చెల్లించుచున్నాడు. దాటనిచో ఆ సొమ్ము గడువుతో పాటు హరించును. వీనికి లాభము వచ్చినచో ఎదుటివాని జేబునుండియే రావలయును. ఇరువురి జేబులనుండియు దళారి రుసుము మాత్రము తప్పక పోవుచుండును.

మా న్యాయవాదులకు ఇందొక చిత్రము కనబడును. పందెపుటొడంబడికలు చెల్లవని 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30వ సెక్షను చెప్పుచున్నది. 1956 నాటి చట్టము షేర్లపై ఆప్షను బేరములను నిషేధించెను. ఆ నిషేధమును 1995లో తొలగించిరి. 1999 నాటి సవరణ వలన ఎక్స్ఛేంజిలో జరుగు వాయిదా బేరములకు చట్టబద్ధత కలిగెను. నిల్వసరకు గల వ్యాపారికిని, పెద్ద ఫండులకును ధరల ఒడిదుడుకులనుండి రక్షణ కావలయునను ఉద్దేశము మంచిదే. కాని కాపాడుకొనుటకు నిల్వయే లేనివాడు ఆ రక్షణను కొనుట ఇల్లులేనివాడు ఇంటికి బీమా చేయించుట వంటిది.

ఇది మనకు క్రొత్త పాఠము కాదు. అమెరికా అంతర్యుద్ధ కాలమున ప్రత్తి ధర మిన్నంటగా బొంబాయిలో షేర్ల పిచ్చి ప్రబలెను. 1865లో ఆ యుద్ధము ముగిసి ప్రత్తి ధర పడగానే ఘనులనుకొన్నవారు దివాలా తీసిరి. బొంబాయి బ్యాంకు సైతము నిలువలేకపోయెను. నాడు కొన్ని కుటుంబములు మునిగెను. నేడు కోటి కుటుంబముల గడప తడియుచున్నది.

ఇట్టివేళ సలహాదారుడేమి చెప్పవలయును? నిజమైన సలహాదారుని మాటలు వినుటకు రుచింపవు. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో నుంచుమనును. ఎక్కువ వడ్డీ అప్పు ముందు తీర్చుమనును. సంపాదించువాని ప్రాణమునకు బీమా చేయుమనును. పిదప మిగిలినదానిని పలు కంపెనీలపై పరచి, ఏండ్ల తరబడి కదల్పకుమనును. వాయిదా బేరమును గూర్చి యడిగినచో వలదనును. ఇందులో గారడి లేదు. కనుకనే గిరాకియు లేదు.

వాది పక్షమున వకాల్తా పుచ్చుకొన్న ప్లీడరు ప్రతివాదియొద్ద ఫీజు పుచ్చుకొనినచో లోకమేమనును? కాని ధనవిషయమున మనమీ ప్రశ్న నడుగుటయే లేదు. దళారికి ప్రతి బేరమునకును రుసుము ముట్టును. మీరు ఊరకున్నచో అతనికి రాబడి లేదు. ఫండులమ్మువానికి కమీషను మీ సొమ్ములోనుండియే సాలుసాలుకు పోవును; 2013 నుండి కమీషను లేని డైరెక్టు పద్ధతి యున్నను ఎందరికో తెలియదు. ఫోనుతెరపై లాభములు ప్రదర్శించు వాచాలునకు పాఠముల అమ్మకము వలన ఆదాయము. 2013 నాటి నిబంధనల క్రింద సెబీలో నమోదైన సలహాదారుడు మాత్రమే ఖాతాదారునియొద్దనే ఫీజు పుచ్చుకొని, అతని మేలునకే బద్ధుడై యుండవలయును. 2024 నాటికి అట్టివారు దేశమంతటను వేయికి లోపే!

ఎవరి సొమ్ము వారి యిష్టమని కొందరందురు. నిజమే. అయినను ఎదుటివాడెవడో తెలియనివాని యిష్టము స్వేచ్ఛ యనిపించుకొనదు. 2024 అక్టోబరులో సెబీవారు కనీస బేరమును 15 లక్షలకు పెంచి, వారపు గడువులను ఎక్స్ఛేంజికొక సూచీకి పరిమితము చేసిరి. మంచి పనియే, చాలదు. ఆదాయపు కాగితము పుచ్చుకొని సరిపెట్టుకొనక, ఎంత నష్టమును భరింపగలడో తేల్చిన పిదపనే యీ బేరమునకు అనుమతి నీయవలయును. నమోదైన సలహాదారులు జిల్లా జిల్లాకును రావలయును. మన కళాశాలలు పట్టము నిచ్చుటకు పూర్వము విద్యార్థికి ఆప్షను గడువనగా నేమో చెప్పి పంపవలయును.

అంతవరకు ప్రతి గృహస్థుడును ఎవరు సలహా చెప్పవచ్చినను ముందుగా ఒక్క ప్రశ్న వేయవలయును: అయ్యా, ఈ మాట చెప్పినందులకు తమకు సొమ్మెవరిచ్చుచున్నారు? తిన్నగా బదులు చెప్పనివానికి సంచి మూతి విప్పవలసిన పనిలేదు.